పెరటి మరుగుకి లెక్క ఎలా రాయాలి

ఆ గ్లాసు ముట్టుకోకండి బాబూ, అందులో ఇసుకుంది, దాంతో పని తర్వాత ఉంది. వెనకాల వినపడుతుందా అండీ? ఆయ్. సరే.

నన్ను పిలిచినప్పుడు చెప్పిందేంటంటే, ఊళ్ళో అందరూ పెరట్లో గోడలు కడుతున్నారండి, ఒకాయనకి డెబ్భై వేలు అయిందంట, పక్కవీధిలో అదే పొడుగు గోడకి లక్షా ముప్ఫై అయిందంట, ఎవరి మాట నమ్మాలో తెలీట్లేదు, వచ్చి ఎస్టిమేట్ ఎలా వేసుకోవాలో చెప్పండి అని. నేను ఇంజనీరుని కాదండి, ముందే చెప్తున్నా. ముప్ఫై రెండేళ్ళు సైట్ల మీద సూపర్‌వైజరుగా చేశాను, కొలతలు రాయడం, సామాను తెప్పించడం, మిగిలినా తగ్గినా తిట్లు తినడం, అదీ నా చదువు. ఆ రెండు గోడలూ నేను చూశాను. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. పొడుగు ఒకటే, కింద ఉన్న నేల వేరు, సామాను దిగిన చోటు వేరు.

గోడ గురించి ఎవరడిగినా నేను మొదట పొడుగెంత అని అడగను. ఎవరి కళ్ళు పడకుండా కావాలమ్మా అని అడుగుతాను. మరుగు కోసం కదా కడుతున్నాం. దొంగల కోసం అయితే అది వేరే గోడ, గేదెల కోసం అయితే ఇంకో గోడ. పెరట్లో ఆడవాళ్ళు బట్టలు ఉతుక్కుంటారు, అంట్లు తోముకుంటారు, పెద్దాయన పంచె కట్టుకుని మొక్కలకి నీళ్ళు పోస్తాడు, అవతల మనిషి అరుగు మీద నిలబడి చూస్తున్నట్టు ఉంటే ఇబ్బంది, అంతే కదండి విషయం.

ఇప్పుడు మన డెల్టాలో ఒక తిరకాసు ఉంది. 86 గోదావరి వరదలు చూసినోళ్ళు ఎవరన్నా ఉన్నారా ఇక్కడ? (కొన్ని చేతులు లేచాయి) మరి ఆ తర్వాత కట్టిన ఇళ్ళన్నీ మెరక చేసి కట్టారు, ఎవరికి వారు పక్కోడి కంటే అడుగు ఎత్తు. పాత ఇల్లు పల్లంలో ఉండిపోయింది, కొత్త ఇంటి అరుగు దానికంటే మూడడుగుల పైన ఉంది. పల్లంలో ఉన్నాయన తన నేల మీంచి టేపు పట్టుకుని అయిదడుగుల గోడ చాల్లే అనుకుంటాడు, కట్టేస్తాడు, సున్నం వేసేస్తాడు, పక్కింటాయన పొద్దున్నే లేచి అరుగు మీద నిలబడి పళ్ళు తోముకుంటూ ఏం బాబాయ్ ఇయ్యాళ ఏం కూర అని అడుగుతాడు. (నవ్వులు) నవ్వుతారేంటండీ, నేను చూశాను.

దానికి లెక్కుంది, చిన్న లెక్కే. పక్కింటి అరుగు మీ నేల కంటే 3 అడుగులు ఎత్తు, ఆయన కళ్ళు ఆ అరుగు మీంచి 5 అడుగులు, అంటే మీ నేల నుంచి 8. ఆయన గోడకి 10 అడుగుల అవతల నిలబడతాడు. మీ బట్టల బండ గోడకి 6 అడుగుల ఇవతల ఉంది, అక్కడ నిలబడ్డ మనిషి తల 5 అడుగులు. ఇప్పుడు ఆయన కంటి నుంచి మీ తల దాకా దారం లాగి కట్టండి, 16 అడుగుల దూరంలో 3 అడుగులు దిగుతుంది ఆ దారం. గోడ దగ్గర ఆ దారం ఎంత ఎత్తులో ఉంది? 5 అడుగులకి పైన, 3ని 16తో భాగించి 6తో హెచ్చేస్తే వచ్చింది కలపండి. 6 అడుగుల ఒకటిన్నర అంగుళం. అదీ మీ గోడ ఎత్తు. ఇంకా తమాషా ఏంటంటే అదే బండ తీసుకొచ్చి గోడకి 2 అడుగుల దూరంలో వేసుకోండి, లెక్క మళ్ళీ చెయ్యండి, అయిదున్నర అడుగులు చాలు. బండ జరిపినందుకు గోడలో ఏడున్నర అంగుళాలు తగ్గింది, బండ జరపడానికి ఇద్దరు కుర్రాళ్ళు, రెండు టీలు.

లెక్కలు వద్దు అంటారా, వెదురుకర్ర తీసుకుని గోడ వచ్చే చోట నిలబెట్టి పైన ఎర్ర తువ్వాలు కట్టండి, ఒకళ్ళని పక్కింటి అరుగు మీదకి పంపండి, ఒకళ్ళు బండ దగ్గర నిలబడండి, మనిషి తల కనపడటం మానేసేదాకా తువ్వాలు పైకి జరుపుతూ ఉండండి, ఆగిన చోట కర్రకి గాటు పెట్టండి. పక్కింటోళ్ళని అడిగి వెళ్ళండి మరి, అడక్కుండా వెళ్తే గోడ కంటే ముందు గొడవ లేస్తుంది. మేడ మీంచి చూస్తున్నారు అంటే మాత్రం ఏ గోడా ఆపదండి. దానికి దొండ పందిరే, నాలుగు నెలల్లో కప్పేస్తుంది, కూర కూడా వస్తుంది.

సరే, పొడుగు.

చాలామంది ఫోన్ చేసి మాది 5 సెంట్లండి, చుట్టూ గోడకి ఎంతవుద్ది అంటారు. సెంట్లు చెప్తే గోడ తెలీదండి. 5 సెంట్లంటే 2178 చదరపు అడుగులు. పూర్వం సర్వేయరు గొలుసు 66 అడుగులు ఉండేది, గొలుసు పొడుగు, సగం గొలుసు వెడల్పు, 66 ఇంటూ 33, సరిగ్గా 5 సెంట్లు, చుట్టుకొలత 198 అడుగులు. ఇదే 5 సెంట్లు మన కోనసీమలో కొబ్బరితోట అన్నదమ్ములు పంచుకున్న చోట ఎలా ఉంటాయి? రోడ్డుకి 22 అడుగులు, లోపలికి 99 అడుగులు, రైలు పెట్టెలాగ. 22 ఇంటూ 99 కూడా 2178ే, చూసుకోండి. చుట్టుకొలత 242. స్థలం ఒకటే, 44 అడుగుల గోడ ఎక్కువ. అందుకని టేపు పట్టుకుని నడవాలి, దస్తావేజు చూసి రాయకూడదు. నడిచే ముందు సర్వే రాళ్ళు ఎక్కడున్నాయో చూసుకోండి, రాయి దొరక్కపోతే కొలిపించుకోండి, గోడ కట్టాక కొలిపించుకున్నోళ్ళని చాలామందిని చూశాను, వాళ్ళ మొహాలు కూడా చూశాను.

ఇప్పుడు ఒక ఇల్లు అనుకుందాం. 33 అడుగుల వెడల్పు స్థలం, పెరటి వెనక 33, రెండు పక్కలా ఇంటి వెనక గోడ దాకా 30, 30. మొత్తం 93 అడుగులు, 6 అడుగుల ఎత్తు. రెడీమేడ్ గోడ, అదేనండి సిమెంటు పోల్‌లు పాతి మధ్యలో పలకలు జార్చేది. పలక 7 అడుగుల పొడుగు, అడుగు ఎత్తు, అంటే ఆరు వరసలు. గడి అంటే రెండు పోల్‌ల మధ్య జాగా, ఎన్ని గడులు వస్తాయి? ఎవరన్నా చెప్పండి.

(వెనక నుంచి: 93ని 7తో భాగిస్తే పదమూడుంపావు పైన, 14 గడులు, 15 పోల్‌లు.)

ఆయ్, పోల్‌కి ఒకటి కలిపారు, అక్కడికి సంతోషం. నా మొదటి సైట్లో నేను అది కూడా కలపలేదు. 96 అడుగుల లైను, 8 అడుగులకో పోల్, 12 అని రాసిచ్చేశాను. గడులు 12, పోల్‌లు 13 కావాలి కదా, చివరి పలక పట్టుకోడానికి అవతల ఏమీ లేదు, మేస్త్రీ పలక పట్టుకుని నా వైపు చూస్తున్నాడు, ఒక్క పోల్ కోసం మళ్ళీ బండి కట్టించాం, పోల్ ఖరీదు కంటే బండి కిరాయి ఎక్కువ. కానీ మీ లెక్కలో ఇంకో తప్పుంది. మీరు మూడు పక్కలూ కలిపేసి భాగించారు. గోడ మూల తిరుగుతుంది, పలక వంగదు. ఒక్కో పక్కా విడిగా వెయ్యాలి. 33లో నాలుగు నిండు గడులు, 5 అడుగుల ముక్క ఒకటి, అంటే 5. 30లో నాలుగు నిండు, 2 అడుగుల ముక్క, అంటే 5. ఇటు 5, అటు 5, వెనక 5, పదిహేను గడులు, 16 పోల్‌లు, పలకలు 90. అందులో మూల పోల్‌లు రెండు వేరే రకం, పక్కపక్క ముఖాల మీద గాడి ఉంటుంది వాటికి, మామూలు వాటికి ఎదురెదురుగా ఉంటుంది, ఆర్డర్ ఇచ్చేటప్పుడు విడిగా చెప్పాలి. ఆ 2 అడుగుల ముక్కకి పలక కోయించడం ఇష్టం లేకపోతే ఇంటి గోడ పక్కన ఇటుకతో కట్టెయ్యండి, అందంగా కూడా ఉంటుంది, అప్పుడు 2 పోల్‌లు, 12 పలకలు తగ్గుతాయి, నేను మాత్రం ఇక్కడ 16, 90 లెక్కే వేస్తాను. దించేటప్పుడు విరిగేవి నాలుగు వేసుకోండి. దొడ్డిగుమ్మం పెట్టుకునేటట్టయితే గేటుకి రెండు పక్కలా రెండు గట్టి పోల్‌లు విడిగా రాసుకోండి, గేటు బరువు మామూలు పోల్‌కి వేలాడదీస్తే రెండేళ్ళకి తలుపు నేల గీకుతుంది.

ఇంతవరకూ పైన కనపడేది. డబ్బు పోయేది కింద.

మన నేల మూడు రకాలండి. లోపల నల్లమట్టి, రేగడి. నది పక్కన లంకల్లో ఒండ్రు. సముద్రం వైపు వెళ్ళే కొద్దీ ఇసుక. నల్లమట్టి ఎండాకాలం చెయ్యి దూరేంత పగులు ఇస్తుంది, వానలు పడ్డాక ఉబ్బుద్ది, ఉబ్బినప్పుడు పోల్‌ని పక్కకి తోస్తుంది, పైకి లేపుతుంది కూడా. మా తమ్ముడి కొడుకు డల్లాస్‌లో ఉంటాడు, అక్కడ చెక్క ఫెన్సింగ్ వేసుకుంటున్నాడు, వీడియో కాల్లో చూపించాడు, 6 అడుగుల ఎత్తు చెక్క పలకలు, 8 అడుగులకో కర్ర, ఒక్కో గోతిలో రెడీగా కలిపిన కాంక్రీటు బస్తా పోసి నీళ్ళు పోస్తే అయిపోయింది. చలిదేశాల్లో నేలలో నీళ్ళు గడ్డకట్టి పోల్‌ని లేపుతాయంట, అందుకని గడ్డకట్టే లోతు కిందకి దిగాలంటారు. మనకి మంచు లేదు, రేగడి ఉంది, పని అదే చేస్తుంది. అందుకని 8 అడుగుల పోల్ కొని రెండడుగులు పాతి చేతులు దులుపుకోడం నల్లమట్టిలో నేను ఒప్పుకోను. ఎనిమిదిన్నర తెప్పించండి, రెండున్నర దింపండి.

గాలి సంగతి కూడా చెప్పాలి. 96 నవంబరు 6 తుపాను గుర్తుందా? అమలాపురం చుట్టుపక్కల కొబ్బరిచెట్లు ఎలా పడిపోయాయో నేను చెప్పక్కర్లేదు. ఆ రాత్రి కొబ్బరాకు దడులు ఎగిరిపోయాయి, అవి ఎగిరిపోతే పోయాయి, గోడలు పడిన చోట కింద ఏదుంటే అది పోయింది. మన కోస్తాకి ఇంజనీర్లు లెక్కకి తీసుకునే గాలి సెకనుకి 50 మీటర్లు, గంటకి 180 కిలోమీటర్లు. ఆ గాలి ఎదురుగా ఉన్న పలక మీద చదరపు అడుగుకి ఇంచుమించు 14 కేజీలు తోస్తుంది. 7 ఇంటూ 6 గడి అంటే 42 చదరపు అడుగులు, దాదాపు ఆరు క్వింటాళ్ళు. ధాన్యం బస్తా 75 కేజీలు కదా, ఎనిమిది బస్తాలు ఒక్కో గడి మీదకి ఒరిగినట్టు. నేల దగ్గర గాలి తగ్గుద్ది, సగమే అనుకోండి, నాలుగు బస్తాలు. రెండడుగులు పాతిన పోల్ ఆపుతుందా? దడిలో సందులుంటాయి, గాలి దూరిపోద్ది, గోడలో సందులుండవు, అదే తేడా. మరుగు ఎంత ఎక్కువో గాలి అంత ఎక్కువ పట్టుద్ది.

గొయ్యి లెక్క చూద్దాం. అడుగు ఇంటూ అడుగు, లోతు రెండున్నర, అంటే రెండున్నర ఘనపుటడుగులు, పోల్ చోటు తీసేస్తే 2.2. పదహారు గోతులకి 35 పైన. 1:2:4 కాంక్రీటు, అంటే ఒక పాలు సిమెంటు, రెండు ఇసుక, నాలుగు కంకర, 100 ఘనపుటడుగులకి 18 బస్తాల సిమెంటు, 44 ఘనపుటడుగుల ఇసుక, 88 ఘనపుటడుగుల కంకర పడుతుంది, ఇది గుర్తు పెట్టుకోండి, జీవితమంతా పనికొస్తుంది. అంటే మనకి ఆరున్నర బస్తాలు. కాగితం మీద. ఇప్పుడు నిజంగా తవ్వండి. గునపంతో రెండడుగులు దిగేసరికి నీళ్ళు ఊరతాయి, అంచులు జారతాయి, గొయ్యి అడుగు అనుకున్నది ఒకటింపావు అవుద్ది. పావు అడుగే కదా అనిపిస్తుంది. ఒకటింపావు ఇంటూ ఒకటింపావు ఇంటూ రెండున్నర, 3.9. పోల్ తీసేస్తే 3.6. పదహారుకి 58. పదిన్నర బస్తాలు. చూశారా, మట్టి మూడు అంగుళాలు జారితే నాలుగు బస్తాల సిమెంటు మింగేసింది. ఆ లక్షా ముప్ఫై ఆయనది చేపల చెరువు గట్టు పక్కన స్థలం, ఆయన గోతులు నేను చూశాను, బావుల్లా ఉన్నాయి.

అందుకే ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేసిన రోజుల్లో తవ్వించండి. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తి చేశాడు, ఆ కాలువల పుణ్యాన తింటున్నాం, కానీ పెరట్లో నీళ్ళు పైకి రావడానికి కూడా ఆ కాలువలే కారణం. కాలువ ఎండితే నేలలో నీళ్ళు దిగుతాయి, గొయ్యి నిలబడుద్ది. ఇటుక బట్టీలు కూడా అప్పుడే జోరుగా ఉంటాయి. గోదాట్లో ఎర్రనీళ్ళు వచ్చాక ఇసుక ధర ఎవరి నోట విన్నా వేరేగా ఉంటుంది.

పక్కోళ్ళు మెరక చేస్తే ఆ మట్టి మీ గోడ మీద పడకూడదు, ఇది మాత్రం రాసుకోండి. పెరటి గోడ గాలిని ఆపడానికి, మట్టిని ఆపడానికి కాదు. నా సొంత ఇంటికి అలాగే అయింది, పక్కాయన మూడడుగులు మట్టి తోలించాడు, నా అరిటుక గోడకి ఆనించేశాడు, నేను ఊళ్ళో లేను, వానలు పడ్డాక గోడ కడుపుతో ఉన్నట్టు ఇవతలకి ఉబ్బింది, దసరాకి పడింది. నాలుగున్నర అంగుళాల గోడ మూడడుగుల తడిమట్టిని ఎలా ఆపుద్దండి. మెరక చేసేవాళ్ళు తమ వైపు వేరే అడ్డుగోడ కట్టుకోవాలి, అది వాళ్ళ ఎస్టిమేట్లో ఉండాలి.

ఇంక ఏ రకం అంటే. కొబ్బరాకు తడికలు, సరుగుడు బాదులు ఉన్నాయి, అన్నిటికంటే చవక, ఏడాది రెండేళ్ళు. బాదుల మొదళ్ళు కాల్చి తారు రాసి పాతితే చెదలు కాస్త ఆలస్యంగా వస్తాయి. అద్దెకున్నోళ్ళకీ, వచ్చే ఏడాది ఇల్లు కడదాం అనుకునేవాళ్ళకీ అదే మంచిది, సిగ్గుపడక్కర్లేదు. గ్రీన్ నెట్ నాకిష్టం లేదు, ఎండకి పీలికలైపోద్ది, గాలికి తెరచాపలాగ పనిచేస్తుంది. రేకులు త్వరగా అయిపోతాయి, కానీ అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి తుప్పు ఎలా పడుతుందో అక్కడివాళ్ళని అడగండి. ఆ వైపు రెడీమేడ్ పోల్‌లు కొనేటప్పుడు కూడా ఒకటి పగలగొట్టి చూపించమనండి, లోపల కమ్మీ మీద సిమెంటు అర అంగుళం కూడా లేకపోతే నాలుగేళ్ళకి తుప్పు పట్టి పోల్ నిలువునా చీలుద్ది. ఉప్పునీళ్ళతో కాంక్రీటు కలపకండి, కమ్మీ ఉన్న పనికి లీటరు నీళ్ళలో క్లోరైడు 500 మిల్లీగ్రాములు దాటకూడదని మన స్టాండర్డ్. మంచినీళ్ళ ట్యాంకరు తెప్పించాల్సి వస్తే అది కూడా ఎస్టిమేట్లో రాయండి.

ఇటుక గోడ అయితే అదే 93 అడుగులకి చూద్దాం. పిల్లర్లు పదేసి అడుగులకి, మళ్ళీ ఒక్కో పక్కా విడిగా, 11 వస్తాయి. 9 ఇంటూ 3 ముఖం ఉన్న ఇటుకకి అర అంగుళం మాలు కలిపితే తొమ్మిదిన్నర ఇంటూ మూడున్నర, చదరపు అడుగుకి 4.33 ఇటుకలు. మీ బట్టీ ఇటుక కొలిచి వెయ్యండి, ఒక్కో బట్టీది ఒక్కోలా ఉంటుంది, ఫ్లైయాష్ ఇటుక ఇంకోలా ఉంటుంది. 558 చదరపు అడుగుల్లో పిల్లర్ల చోటు 50 తీసేస్తే 508, దానికి 2,200, విరుగుడు నూటికి అయిదు, 2,300 దాటుద్ది, 2,400 తెప్పించుకోండి. గోడ కట్టడానికి 1:6 మాలుకి, అంటే ఒక పాలు సిమెంటుకి ఆరు ఇసుక, 7 బస్తాల సిమెంటు. రెండు వైపులా ప్లాస్టరింగ్‌కి ఎంతో చెప్పండి. ఎవరూ చెప్పరు. 9 బస్తాలు. గోడ కంటే గోడకి పూసేది ఎక్కువ తాగుతుంది. అందుకని లోపలి వైపు ప్లాస్టరింగ్ చేసుకుని అవతలి వైపు అతుకులు మాత్రం పూడ్చుకుంటే సగం మిగులుద్ది. అవతలి వైపు పూయాలంటే పక్కింటి పెరట్లో పరంజీ వెయ్యాలి, వాళ్ళ అరిటిచెట్లు ఉంటాయి, ఆ మాట ముందే అడగాలి.

కింద ప్లింత్ బీమ్, అంటే గోడ అడుగున కాంక్రీటు దూలం, 9 ఇంటూ 9 అంగుళాలు, 93 అడుగులకి 52 ఘనపుటడుగులు, తొమ్మిదిన్నర బస్తాలు. ఇనుము 10 ఎంఎం నాలుగు కమ్మీలు, 8 ఎంఎం రింగులు ఎనిమిది అంగుళాలకొకటి, 120 కేజీలు. పిల్లర్లకీ వాటి పునాదికీ కలిపి ఇంకో 9 బస్తాలు, ఇంకో 120 కేజీలు. కమ్మీ బరువు షాపువాడు చెప్పింది నమ్మక్కర్లేదు, ఎంఎం ని ఎంఎం తో హెచ్చేసి 162తో భాగిస్తే మీటరుకి కేజీలు వస్తుంది. మొత్తం సిమెంటు 35 బస్తాలు. ఇప్పుడు రేట్లు, నేను లెక్క కోసం వేస్తున్నా, మీరు రేపు మీ ఊరి షాపులో అడిగి మార్చుకోండి. ఇటుక 9 రూపాయలు అనుకుంటే 21,600. సిమెంటు 350 అనుకుంటే 12,250. ఇనుము 65 అనుకుంటే 240 కేజీలకి 15,600. ఈ మూడూ కలిపి 49,450. ఇంకా ఇసుక యూనిట్టున్నర (యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు), కంకర దాదాపు యూనిట్టు, కూలి, ఏవీ రాలేదు. గమనించారా, సిమెంటులో సగం పైన నేలకీ పిల్లర్లకీ పోయింది, మీ కంటికి కనపడేది ఇటుక. పాత కొటేషన్ పట్టుకుని ఎవరన్నా వస్తే తేదీ చూడండి, 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గింది, ముందుది అయితే మళ్ళీ వేయించండి.

ఇప్పుడు ఆ గ్లాసు ఇలా ఇవ్వండమ్మా.

ఇది నిన్న సాయంత్రం ట్రాక్టర్ మీంచి తీసిన ఇసుక, కాస్త తడిగా ఉంది, చేత్తో నొక్కితే ముద్దవుతుంది. స్కేలు పెట్టి చూడండి, 4 అంగుళాలు ఉంది. ముందు వరసలో పెద్దాయన చదవండి. నాలుగా? ఆయ్. ఇప్పుడు నీళ్ళు పోస్తున్నా, పైదాకా. పుల్లతో కలుపుతున్నా. ఒక్క నిమిషం ఆగండి, కూర్చోనివ్వండి... ఇప్పుడు చదవండి.

(ముందు వరస నుంచి: మూడుంపావండి.)

మూడుంపావు. ఇసుక ఎక్కడికీ పోలేదు, నీళ్ళ పొర గింజల్ని దూరం దూరంగా పెట్టి ఉబ్బించింది, పూర్తిగా ములిగాక ఆ పొర పోయి కిందకి దిగింది. నూటికి పందొమ్మిది దాకా గాలి కొనుక్కుంటున్నారు మీరు. పైగా ట్రక్కు కొలవండి. లోపల పొడుగు 10, వెడల్పు అయిదున్నర, ఎత్తు ఒకటిన్నర, అంటే 82న్నర ఘనపుటడుగులు. మీరు డబ్బులిచ్చింది యూనిట్ అని, యూనిట్ అంటే 100. ఆ 82న్నరలో ఉబ్బు తీసేస్తే నికరం 67. అడుగున పరిచిన గోనెల సంగతి నేను మాట్లాడను. ఇసుక ఉచితం అని 2024 జూలైలో పాలసీ వచ్చింది, మంచిదే, లోడింగు, కిరాయి మనవే, కొలత కూడా మన బాధ్యతే.

కిరాయి అంటే గుర్తొచ్చింది, అందరూ మర్చిపోయేది ఇదే. మన ఊళ్ళలో సగం ఇళ్ళు కాలువ గట్టు మీంచి వెళ్ళాలి, బోదె మీద చిన్న తూము ఉంటుంది, టిప్పర్ ఎక్కదు. ఇసుక, కంకర రోడ్డు మీద దిగుద్ది, అక్కణ్ణించి తోపుడు బండిలోనో తట్టల్లోనో రెండో మోత. 90 పలకలు, 16 పోల్‌లు ఇంటి వెనక్కి మోయాలి, పక్క సందు మూడడుగులు ఉంటే ఒక్కో పలక ఇద్దరు నిలువుగా పట్టుకుని వెళ్ళాలి. ఆ మోత కూలి ఎస్టిమేట్లో లేకపోతే మేస్త్రీ మొదటి రోజే అడుగుతాడు, మీరు గింజుకుంటారు, పని మూడు రోజులు ఆగుద్ది. వెళ్ళి దారి చూసుకోండి, దిగిన చోటు నుంచి పెరటి దాకా అడుగులు లెక్కపెట్టుకోండి. కూలి రోజు లెక్కన ఇస్తారా, అడుగుల లెక్కన గుత్తకిస్తారా, అది మీ ఇష్టం, నేనైతే గోతులకి రోజు కూలి, పైపనికి గుత్త ఇస్తాను. గోతుల్లో నీళ్ళు వస్తే అది మేస్త్రీ తప్పు కాదు, గుత్తకిచ్చి నొక్కేస్తే వాడు లోతు తగ్గిస్తాడు, మట్టి కప్పేశాక మీకేం కనపడుద్ది.

ఎవరో అడుగుతున్నారు, చెప్పండమ్మా. మైకు ఇవ్వండి ఆవిడకి.

(ఒక మహిళ: అంత గోడ మేం కట్టలేమండి. మాకు ఒక్క బట్టల బండ దగ్గర, కొళాయి దగ్గర చాటు ఉంటే చాలు.)

అమ్మా, మీరు నా పని తేలిక చేశారు. ఎంతమేర?

(పక్కింటి వైపు పన్నెండు, పద్నాలుగు అడుగులు.)

14 వేసుకోండి. రెండు గడులు, మూడు పోల్‌లు. ఎత్తు 6 అడుగులు అయితే 12 పలకలు, ఒకటి ఎక్కువ తెచ్చుకోండి. మూడు గోతులు, ఒకటింపావు లెక్కనే వేసుకోండి, 11 ఘనపుటడుగుల కాంక్రీటు, సిమెంటు 2 బస్తాలు, ఇసుక 5 ఘనపుటడుగులు, కంకర 10. ఇంత చిన్నదానికి ట్రాక్టర్ ఇసుక తెప్పించకండి, వీధిలో ఎవరిదన్నా పని జరుగుతుంటే వాళ్ళ దగ్గర తట్టల లెక్కన తీసుకోండి. ఇద్దరు మనుషులు ఒక రోజు గోతులు, పోల్‌లు, గుండు వేసి నిలువు చూసి బాదులతో ఆపు పెట్టండి, ఏడు రోజులు నీళ్ళు కొట్టండి, అప్పుడు పలకలు దింపండి. మరుసటి రోజే దింపేద్దాం అంటే ఒప్పుకోకండి. మిగతా పక్కంతా మందారం వేసుకోండి, పూజకీ పనికొస్తాయి. పక్కింటి అరుగు ఎంత ఎత్తుందమ్మా మీ నేల కంటే?

(తెలీదండి, నాలుగు మెట్లున్నాయి.)

మెట్టు ఏడు అంగుళాలా, ఎనిమిదా, అది చూడాలి. ఏడైతే 28, ఎనిమిదైతే 32 అంగుళాలు, పక్కింటి నేల కూడా మెరక చేసి ఉంటే అది కూడా కలపాలి. ఆదివారం పొద్దున్న ఆ తువ్వాలు కర్ర పట్టుకుని మీ అబ్బాయిని బండ దగ్గర నిలబెట్టండి, గాటు ఎక్కడొచ్చిందో నాకు ఫోన్ చెయ్యండి, అప్పుడు ఆరా, అయిదున్నరా చెప్తాను.